పొద్దు చూసి పయనం... ఇందూరు ఎండల్లో!

మే నెల. ఉదయం పదిన్నర. ఏర్గట్లలో ఓ ఇంటి ముందు కారు సిద్ధంగా ఉంది. దుబాయ్ నుంచి సెలవులకు వచ్చిన మనవలు టోపీలు, నల్లకళ్లద్దాలు పెట్టుకుని పోచంపాడు ప్రాజెక్టు చూడటానికి హుషారుగా బయల్దేరారు. అరుగు మీద కూర్చున్న అమ్మమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

‘‘గిప్పుడు ఏడికి పోతరు బిడ్డా? పోతె పొద్దుగాల పోవాలె, లేకుంటె పొద్దు వాలినంక పోవాలె. నడిమిట్ల ఇంట్ల ఉండాలె.’’

‘‘దుబాయ్‌ల ఇంతకంటె ఎక్కువ ఎండ ఉంటది అమ్మమ్మా’’ అన్నాడు పెద్ద మనవడు.

‘‘ఉంటది గని, ఆడ మీరు ఎండల తిరుగుతరా?’’

మనవడి దగ్గర జవాబు లేదు. ఇంట్లో ఏసీ, కారులో ఏసీ, దుకాణంలో ఏసీ... ఎండను అద్దంలోంచి చూడటమే తప్ప ఒంటి మీద పడనిచ్చింది ఎప్పుడని? అమ్మమ్మ మాట పట్టుకుంటే చాలు, నిజామాబాద్ జిల్లాలో వేసవి ప్రయాణానికి సగం ప్రణాళిక తయారైనట్టే.

ఈ ఊరికి ఎండాకాలం అతిథులు కొత్త కాదు. మొన్నమొన్నటి దాకా మోర్తాడ్ మండలంలో ఉన్న ఏర్గట్ల 2016లో జిల్లాల పునర్విభజనతో మండల కేంద్రమైంది. ఇక్కడా, చుట్టుపక్కల మోర్తాడ్, కమ్మర్‌పల్లి, బాల్కొండ ప్రాంతాల్లోనూ గల్ఫ్‌కు వెళ్లినవారు లేని ఊరు కనిపించదు. వాళ్లు ఇంటికి వచ్చేది ఎక్కువగా పెళ్లిళ్లప్పుడే. అంటే ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా. సరిగ్గా ఎండలు మండే రోజులు! హైదరాబాద్ నుంచి వచ్చే చుట్టాలదీ అదే లెక్క. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది నిజమే. కానీ సెలవులు అప్పుడు దొరకవు కదా! మరి వచ్చేది ఎండాకాలంలోనే అయినప్పుడు, ప్రయాణాన్ని కిలోమీటర్లతో కాకుండా గంటలతో లెక్కవేసుకోవాలి.

రోజుకు రెండు ముక్కలు

రోజులో ప్రయాణానికి పనికొచ్చే సమయం రెండు ముక్కలు. తెల్లవారుజామున అయిదు నుంచి తొమ్మిదిన్నర వరకు ఒకటి. సాయంత్రం అయిదు నుంచి చీకటి పడేదాకా రెండోది. మధ్యలో ఉన్న సమయమంతా తిండికీ, నిద్రకూ, కబుర్లకూ కేటాయించాల్సిందే. ఎండ తీవ్రత మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు బాగా ఎక్కువ. పన్నెండు దాటాక సూర్యుడు వాలుతున్నాడు కదా అని బయటికి వస్తే పొరపాటే. నేల అప్పటికే వేడెక్కి, ఆ వేడిని గాలిలోకి వదులుతూ ఉంటుంది.

ఇంకో సంగతి. పత్రికల్లో, టీవీల్లో చెప్పే ఉష్ణోగ్రత నీడలో కొలిచింది. 44 డిగ్రీలని చెప్పారంటే, ఎండలో నిలబడిన మనిషికి తగిలే వేడి అంతకన్నా ఎక్కువే. ఉత్తర తెలంగాణలో మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులు కూడా ఉంటాయి. వాతావరణ శాఖ ఆరెంజ్, రెడ్ హెచ్చరికలు ఇచ్చిన రోజు ఉదయం ముక్కతో సరిపెట్టుకోవడం మంచిది.

అమ్మమ్మ చెప్పిన ఈ నియమాన్ని గల్ఫ్ దేశాలు చట్టంలోనే రాసుకున్నాయి. యూఏఈలో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు వరకు పదకొండు నుంచి నాలుగు దాకా ఇదే నిబంధన. అక్కడ కట్టడాల మీద పనిచేసి వచ్చిన తండ్రులకు ఈ సంగతి బాగా తెలుసు. తెలియంది ఏసీ గదుల్లో పెరిగిన పిల్లలకే!

ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుందని వైద్యులు చెబుతారు. కాబట్టి విమానం దిగిన మర్నాడే ఊళ్లు తిరిగే కార్యక్రమం పెట్టుకోవద్దు. మొదటి రెండు మూడు రోజులు ఇంటి పట్టున, సాయంత్రం పూట కాసేపు వాకిట్లో, వీధిలో గడిపితే శరీరం మెల్లగా సర్దుకుంటుంది.

మూడు రోజుల్లో ముచ్చటగా...

ఏర్గట్లలో బస చేసి, అక్కడి నుంచి చుట్టుపక్కల చూడాలనుకునే కుటుంబానికి మూడు రోజులు చాలు. అయితే ఏది ఏ పూట అన్నదే ముఖ్యం.

మొదటి రోజు ఉదయం దూరం పోనక్కర్లేదు. మండలంలోని తడపాకల్ దగ్గర గోదావరి ఉంది. 2015 పుష్కరాలప్పుడు జనం స్నానాలకు వచ్చిన చోటు ఇది. మళ్లీ పుష్కరాలు 2027లో. సూర్యోదయం వేళకు ఒడ్డుకు చేరితే చల్లటి గాలి, పక్షులు, ఇసుక. ఎనిమిదింటికల్లా తిరుగుముఖం పట్టొచ్చు. నదిలో దిగే విషయంలో జాగ్రత్తలు వేరే ఉన్నాయి, అవి కింద చూడండి.

ఆ సాయంత్రం పోచంపాడు. శ్రీరాంసాగర్ అంటే ఇదే. 1963లో నాటి ప్రధాని నెహ్రూ దీనికి శంకుస్థాపన చేశారు. 42 వరద గేట్లు, 1091 అడుగుల పూర్తి నీటిమట్టం. ఆనకట్ట మీద నీడ ఉండదు కాబట్టి అయిదు తర్వాతే వెళ్లాలి. ఒక్క మాట ముందే చెప్పుకోవాలి. గేట్లు ఎత్తి నీళ్లు దూకే దృశ్యం కోసమైతే వానాకాలంలో, జలాశయం నిండినప్పుడు రావాలి. మే నెలలో నీరు బాగా తగ్గి, ఒడ్డు దూరంగా జరిగి ఉంటుంది. పిల్లలకు ఆ సంగతి ముందే చెబితే నిరాశపడరు. నిండు నీళ్లకూ, ఎండాకాలం నీళ్లకూ మధ్య తేడా చూపించి, కింది ఊళ్ల పొలాలకు కాలువల్లో నీరు ఎలా వెళుతుందో వివరిస్తే అదే ఓ పాఠం.

రెండో రోజు తెల్లవారుజామునే ఆర్మూర్. ఊరి పక్కనే నవనాథ సిద్ధేశ్వరుడి గుట్ట. నల్లటి బండరాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. గుహలోని గుడికి వెళ్లే దారి ఇరుకు. పిల్లలకు భలే సరదా! కానీ నల్లరాయి వేడిని పీల్చుకుని పట్టి ఉంచుకుంటుంది. పది దాటితే చెయ్యి ఆనించడం కష్టం. సాయంత్రం పొద్దు వాలాక కూడా బండలు సెగలు కక్కుతూనే ఉంటాయి. అందుకే ఈ గుట్ట ఉదయం ముక్కలోనే పెట్టుకోవాలి.

అక్కడి నుంచి నిజామాబాద్ దాదాపు 27 కిలోమీటర్లు. తొమ్మిదిన్నరకల్లా పట్టణం చేరి, చుట్టాలింట్లోనో హోటల్లోనో పగలంతా విశ్రాంతి. సాయంత్రం ఖిల్లా, కంఠేశ్వర ఆలయం. ఖిల్లాలో గుట్ట మీద రామాలయం ఉంది. నిజాం కాలంలో ఈ కోటనే జైలుగా వాడారు. కవి దాశరథి కృష్ణమాచార్యను ఇక్కడే బంధించారు. ఆయన ఈ జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసిన సంగతి పిల్లలకు చెబితే, పాఠ్యపుస్తకంలోని కవి కళ్లముందు నిలబడతాడు.

పిల్లలు మరీ చిన్నవాళ్లయితే ఖిల్లా బదులు బోధన్ దారిలోని అలీసాగర్ మేలు. 1930లలో కట్టిన జలాశయం, తోట, చెట్ల నీడ... సాయంత్రం పూట ఆడుకోవడానికి అనువైన చోటు. ఈ దారి వెంట ఒకప్పుడు చెరుకు బండ్లు బారులు తీరేవి. మంజీర మీద 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక ఆ నీటితో చెరుకు పెరిగింది. ఆ చెరుకును చూసే 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకున్న ఆ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. తాతలు చెప్పిన కథలు విని ఫ్యాక్టరీ చూపించమని పిల్లలు అడిగితే ఈ సంగతి చెప్పండి.

మూడో రోజు బాసర. నిజామాబాద్ నుంచి సుమారు 35 కిలోమీటర్లు. రైలు కూడా ఉంది. చిన్నపిల్లలకు అక్షరాభ్యాసం చేయించాలనుకుంటే తెల్లవారకముందే బయల్దేరి, మొదటి పూటలోనే పూర్తి చేయించండి. పసిపిల్లను ఒళ్లో పెట్టుకుని పదకొండింటికి వరుసలో నిలబడటం ఎవరికీ మంచిది కాదు. గోదావరి, మంజీర, హరిద్ర కలిసే కందకుర్తి త్రివేణి సంగమం కూడా చూడదగ్గదే. గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది అక్కడే. అయితే బాసర, కందకుర్తి రెండింటినీ ఒకే ఉదయంలో కుక్కకండి. ఏదో ఒకటి ఎంచుకుని, రెండోది మరోసారికి ఉంచుకోండి.

హైదరాబాద్ తిరిగి వెళ్లేవాళ్లు సాయంత్రం దారిలో డిచ్‌పల్లి రామాలయం దగ్గర ఆగొచ్చు. చిన్న గుట్ట మీద, గోడల నిండా శిల్పాలతో ఉన్న ఈ గుడిని ‘ఇందూరు ఖజురహో’ అంటారు. మెట్లెక్కాలి కాబట్టి అయిదున్నర తర్వాతే. గుళ్ల దగ్గర చెప్పులు విప్పాక రాతి ప్రాంగణం కాళ్లు కాల్చేస్తుంది. సంచిలో అందరికీ ఒక్కో జత మందపాటి సాక్సులు పెట్టుకుంటే పెద్దవాళ్లు మిమ్మల్ని దీవిస్తారు!

నది చల్లన, లోతు తెలియదు

ఎండాకాలం గోదావరి మోసం చేస్తుంది. పైకి మోకాలి లోతు నీళ్లు. రెండడుగులు వేస్తే నిలువులోతు గుంత. ఇసుక తవ్విన చోట్ల, ప్రవాహం కోసుకుపోయిన చోట్ల ఇలాంటి గుంతలు ఉంటాయి. పైనుంచి చూస్తే తెలియవు. 2025 జూన్‌లో హైదరాబాద్ నుంచి బాసర దర్శనానికి వచ్చిన బృందంలోని ఐదుగురు యువకులు గోదావరిలో మునిగి చనిపోయారు. దేవుడి దర్శనానికని బయల్దేరిన ఇళ్లల్లో ఏడుపులు మిగిలాయి.

అందుకే ఘాట్ ఉన్న చోట తప్ప దిగకూడదు. ఘాట్ దగ్గరైనా మెట్ల మీదే స్నానం. స్థానికులు వద్దన్న చోట ‘‘మాకు ఈత వచ్చు’’ అని వాదించకండి. ఈత కొలనులో నేర్చుకున్న ఈత నదిలో అక్కరకు రాదు. ఒకరు మునుగుతుంటే మరొకరు దూకడం వల్లే ఎక్కువ ప్రాణాలు పోతాయి. పొడవాటి కర్ర, తాడు, చీర ఏదైనా అందించాలి. పెద్దగా కేకలు వేసి ఈత తెలిసిన స్థానికులను పిలవాలి. కాలువల సంగతి ఇంకా ప్రమాదం. నీళ్లు వదిలినప్పుడు కాలువ వేగం తెలియదు, సిమెంటు ఒడ్డు పాచిపట్టి జారుతుంది, పట్టుకోవడానికి ఆధారం ఉండదు. సెల్ఫీ కోసం కాలువ గట్టు అంచుకు పోనివ్వకండి.

ఏం తినాలి? ఏం తాగాలి?

ఆర్మూర్ పక్కనే అంకాపూర్ ఉంది. నాటుకోడి కూరకు పేరు మోసిన ఊరు. ముందుగా ఫోన్ చేసి చెబితే వండి ఉంచుతారు. అయితే నూనె, కారం దండిగా ఉండే ఆ కూరను మిట్టమధ్యాహ్నం తిని కారెక్కితే ఒళ్లు భారమైపోతుంది. దాన్ని రాత్రి భోజనానికి ఉంచుకోండి. అదే దారిలో కాల్చిన మక్కకంకులు మాత్రం ఏ పూటైనా సరే.

పగటి పూటకు ఈ నేల మీద పుట్టిన తిండే సరైనది. పొద్దున జొన్న అంబలి, మధ్యాహ్నం అన్నంలోకి పచ్చిపులుసు, చల్ల. ఉప్పు వేసిన చల్లలో నీళ్లతో పాటు చెమటలో పోయిన లవణమూ దొరుకుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ముంజలు వస్తాయి. లేతవి చూసుకుని కొనండి. దాహం వేసేదాకా ఆగకుండా అరగంటకోసారి కొన్ని గుక్కలు తాగుతూ ఉండాలి. పిల్లలకు ఇది గుర్తు చేయాల్సిన బాధ్యత పెద్దలదే.

చెరుకు రసం తాగాలనిపిస్తే ఐసు వద్దని చెప్పండి. ఆ ఐసు ఏ నీళ్లతో చేశారో తెలియదు. కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కల మీద ఈగలు వాలుతుంటాయి. కాయ కొనుక్కుని ఇంటికి తెచ్చుకుంటే ఆ బాధ లేదు. ఇక కల్లు... ఎండకు చల్లదనమని మొహమాటపెట్టే బంధువులు ఉంటారు. మత్తు పానీయం ఏదైనా ఒంట్లో నీటిని తగ్గిస్తుందే తప్ప పెంచదు. పైగా కల్తీ కల్లు తాగి ఆస్పత్రుల పాలైన వాళ్లున్నారు. మంచినీళ్లు, చల్లకు మించిన మందు లేదు.

పెళ్లికి వచ్చారా?

వేసవి ప్రయాణాల్లో సగం పెళ్లిళ్లే. ముహూర్తం పదకొండుకో, పన్నెండుకో ఉంటుంది. పట్టుచీర, నగలు, షామియానా కింద వందల మంది! అక్షింతల వేళకు మాత్రం పట్టు కట్టుకుని, ఆ తర్వాత నూలు బట్టల్లోకి మారడానికి ఒక జత వెంట తీసుకెళ్లండి. పసిపిల్లలను, డెబ్బై దాటినవారిని బారాత్‌లో నడిపించకండి. వాళ్లను ఫంక్షన్ హాలులో చల్లటి చోట కూర్చోబెట్టి, ఒక మనిషి దగ్గర ఉండేలా చూడండి. పెళ్లి హడావిడిలో ‘ఆయన తిన్నాడు, తాగాడు’ అని అందరూ అనుకుంటారు. ఎవరూ చూసి ఉండరు.

బీపీ, గుండె జబ్బు మందులు వాడేవారు బయల్దేరే ముందే డాక్టర్‌ను అడగాలి. కొన్ని బీపీ మాత్రలు మూత్రం ఎక్కువ చేస్తాయి, ఎండలో అది ఇబ్బంది. అలాగని సొంతంగా మానేయకూడదు. ఇన్సులిన్ కారులో వదిలేస్తే పాడవుతుంది. చల్లటి సంచిలో పెట్టాలి, ఐసుగడ్డకు నేరుగా ఆనించకూడదు.

వడదెబ్బ తగిలితే...

తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం, కాళ్ల కండరాలు పట్టేయడం, విపరీతమైన చెమట, నీరసం... ఇవి ముందస్తు హెచ్చరికలు. వెంటనే నీడకు తెచ్చి, బట్టలు వదులు చేసి, ఓఆర్ఎస్ కలిపిన నీళ్లు గుక్కగుక్కగా తాగించాలి. పొట్లం మీద రాసినంత నీటిలోనే కలపాలి. పెద్ద పొట్లాలు సాధారణంగా లీటరు నీటికి సరిపోతాయి. పొట్లం లేకపోతే లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టి.

మాట తడబడటం, మనుషులను గుర్తుపట్టకపోవడం, ఫిట్స్, స్పృహ తప్పడం, ఒళ్లు కాలిపోతూ ఉండటం కనిపిస్తే అది వడదెబ్బే. ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయాలి. అంబులెన్స్ వచ్చేలోగా ఒళ్లంతా నీళ్లతో తడిపి విసురుతూ ఉండాలి. మెడ, చంకలు, గజ్జల దగ్గర తడిగుడ్డలు పెట్టాలి. స్పృహలో లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. జ్వరం మాత్ర ఇక్కడ పనిచేయదు. ‘కాసేపు పడుకుంటే తగ్గుతుందిలే’ అన్న మాటే ప్రాణం మీదికి తెస్తుంది. ఈ ముప్పు ఎంత పెద్దదంటే, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పులను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది. కానీ అమ్మమ్మను ఏ పరిహారం తెచ్చిస్తుంది?

ఇవి మరవద్దు

* మనిషికి రెండు లీటర్ల చొప్పున నీళ్లు, నాలుగు ఓఆర్ఎస్ పొట్లాలు, ఒక గొడుగు, తడిపి మెడకు చుట్టుకోవడానికి నూలు దస్తీ.

* వదులైన, లేత రంగు నూలు బట్టలు. తలకు టోపీ కన్నా తువాలు చుట్టడం మేలు, చెవులు కూడా కప్పుతుంది.

* కారు టైర్లలో గాలి ఉదయం చల్లగా ఉన్నప్పుడే చూపించండి. అరిగిన టైర్లతో హైవే ఎక్కకండి. రేడియేటర్ నీళ్లు కూడా చూసుకోండి.

* ఎండలో నిలిపిన కారు తలుపులు తీసి, వేడిగాలి పోయాక ఎక్కండి. పవర్ బ్యాంకు, సెంటు సీసా, లైటర్ లోపల వదిలేయవద్దు. ‘రెండు నిమిషాల్లో వస్తాం’ అని కూడా పిల్లలను కారులో ఉంచి వెళ్లవద్దు.

* బస్సులో వచ్చే తెలంగాణ మహిళలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో 2023 డిసెంబరు నుంచి ప్రయాణం ఉచితం. గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి. ఎండ పడని వైపు సీటు చూసుకోండి. ఉదయం నిజామాబాద్ నుంచి హైదరాబాద్ వెళ్లే బస్సులో ఎడమవైపు ఎండ పడుతుంది, సాయంత్రం కుడివైపు.

* పెద్దపల్లి-నిజామాబాద్ రైలుమార్గం 2017లో పూర్తయింది. ఆర్మూర్, మోర్తాడ్‌లలో స్టేషన్లు ఉన్నాయి. రైళ్లు తక్కువ కాబట్టి వేళలు ముందే చూసుకోండి.

ఇంతకీ ఏర్గట్ల మనవల సంగతి? కారు మళ్లీ చెట్టు కిందికి వెళ్లింది. పిల్లలు చల్ల తాగి, పంకా కింద పడుకుని, అమ్మమ్మ చెప్పే కబుర్లు విన్నారు. పసుపు తవ్వి, ఉడకబెట్టి, కళ్లంలో ఆరబోసే రోజుల గురించి చెప్పిందామె. పసుపు ఆరాలంటే ఈ ఎండే కావాలట! ‘‘ఎండ చెడ్డది కాదు బిడ్డా. దానికి ఎదురు పోవద్దు, గంతే.’’

అయిదింటికి అందరూ కారెక్కారు. ఈసారి ముందు సీట్లో అమ్మమ్మ కూడా ఉంది!